పావుచుట్టు గారి కోడలు

"ఆ పెద్దాయనకి చెప్పండి, అరిచినంత మాత్రాన గ్యాస్ లోపలికి పోదని."

ఈ మాట ఆమె నాతో అంది. ఆ పెద్దాయన నా పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో నిలబడి ఉన్నాడు. నా కారులో చల్లగాలి రావడం లేదని వాళ్ళ ఏసీ షెడ్డులో చూపించడానికి వచ్చి పది నిమిషాలైనా కాలేదు. వాళ్ళు జరిపిన ఇనప కుర్చీలో ఇంకా సరిగా కూర్చోనైనా లేదు.

"వినపడిందని చెప్పండి" అన్నాడు పెద్దాయన, ఆయన కూడా నాతోనే. "నలభై ఏళ్ళుగా అరుస్తూనే గ్యాస్ నింపుతున్నానని కూడా చెప్పండి."

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పకుండానే ఇద్దరికీ అందింది. వాళ్ళు మామా కోడళ్ళని, ఒకే ఇంట్లో ఒకే పొయ్యి మీద వండింది తింటారని, ఆరేళ్ళుగా ఒకరితో ఒకరు నేరుగా ఒక్క ముక్కా మాట్లాడుకోలేదని తరువాత తెలిసింది. బండి తెచ్చినవాడు ఉంటే వాడి ద్వారా, లేకపోతే బండి ద్వారా నడిచేవి సంభాషణలు. "కొంతమందికి నట్టు ఎటు తిప్పాలో తెలీదు" అని ఆయన ఒక కారు బానెట్‌తో అనేవాడు. "కొంతమందికి నోరు ఎప్పుడు మూయాలో తెలీదు" అని ఆమె అదే కారు రేడియేటర్‌కి జవాబిచ్చేది. నడుమ ఆ కారు మాత్రం మర్యాదగా ఊరుకునేది.

నేను తిరిగిన ఊళ్ళు తక్కువేమీ కాదు. వైరాలు చాలానే చూశాను. ఒక రేవులో ఇద్దరు తోడల్లుళ్ళు ఒకే పడవకి నిలువునా రెండు రంగులు వేసుకుని, ఎవరి రంగు వైపు వాళ్ళు కూర్చుని చేపలు పట్టడం చూశాను. ఒక కొండ ఊళ్ళో ఇద్దరు దర్జీలు ఒకే దీపం కింద కుడుతూ పాతికేళ్ళు పలకరించుకోలేదట. అయితే వాళ్ళ వైరాల వల్ల పని చెడింది. ఈ షెడ్డులో పని చెడేది కాదు. ఇద్దరూ ఒకరి తప్పు ఒకరు పట్టుకోవడానికి కాచుకుని కూర్చునేవారు కనుక తప్పులు దొర్లేవే కావు. కనీసం నేను అలా అనుకున్నాను. ఆ ఊళ్ళో రెండు రోజులు ఉందామని వచ్చినవాణ్ణి, వాళ్ళ మూలంగానే రెండు నెలలు ఉండిపోయాను. ఒక్కచోట కాలు నిలవని మనిషిని. ఎవరైనా చేతిపని చేస్తుంటే చూస్తూ కూర్చోమంటే మాత్రం పూటలు గడిచిపోతాయి.

కోడలికి ముప్పై నాలుగేళ్ళుంటాయి. సన్నటి మనిషి, పొట్టి వేళ్ళు, కుడి ముంజేతి మీద ఎప్పుడో కాలిన నల్లటి చార. ఆమె తండ్రి ఇళ్ళకి వెళ్ళి ఫ్రిజ్‌లు బాగుచేసేవాడట. పదేళ్ళ వయసుకే రాగి గొట్టం అతకడం నేర్చుకుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో షెడ్డుకి క్యారియర్ మాత్రమే తెచ్చేది. ఆమె భర్తకి స్పానర్ పట్టుకోవడమంటేనే చిరాకు. గ్యాస్ వాసన లేకపోయినా వచ్చిందని తలనొప్పి తెచ్చుకునే రకం. అతను ఒక గోదాములో బరువులెత్తే బండి నడపడానికి వెళ్ళిపోయాడు. చెయ్యి తక్కువైన షెడ్డులో ఒకరోజు ఆమె క్యారియర్ కింద పెట్టి గ్యాస్ ఒత్తిడి చూసే గేజి అందుకుంది. మామ వద్దనలేదు. జీతం అడగని పనివాళ్ళని ఎవరూ వద్దనరు. మెచ్చుకోనూ లేదు. రెండేళ్ళకి బండ్లవాళ్ళు షెడ్డులోకి వస్తూనే ఆయన్ని దాటి ఆమె వైపు చూడడం మొదలుపెట్టారు. ఆయన మాటలు మానేసింది అప్పుడే.

"ఇంట్లో నా మాట గోడకి చెప్పినట్టే" అని ఒకసారి నాతో అంది. "మా ఆయన వినడు, మా అత్త విననట్టు నటిస్తుంది. ఇక్కడ అలా కాదండి. ఈ గేజి సూదికి నేను కోడలినని తెలీదు. నేను సరిగ్గా చేస్తే నిలబడుతుంది, తప్పు చేస్తే పడిపోతుంది. ఇంత న్యాయం నాకు ఇంకెక్కడా దొరకలేదు."

చలువ అనేది ఎవరూ పుట్టించేది కాదు. లోపలి వేడిని మోసుకెళ్ళి బయట పారబోయడమే ఆ యంత్రం చేసే పని. ఒకప్పుడు మంచుగడ్డల్ని రంపపు పొట్టులో చుట్టి ఓడల మీద సముద్రాలు దాటించి అమ్మేవారు. దారిలో కొంత కరిగేది, కరిగింది నీళ్ళై కళ్ళముందే పారేది. కారులో వేడిని మోసే గ్యాస్ అలా కాదు. రంగుండదు, తడి ఉండదు. ఎటు పోయిందో తెలీదు, పోయిందన్న కబురు మాత్రం మెడ మీద చెమట చెబుతుంది. ఖాళీ అయింది కదా అని మళ్ళీ నింపి పంపేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఎదురుగా, రోడ్డుకి అవతల, అద్దాల తలుపుల షెడ్డువాడు చేసేది అదే. ఈమె అలా చెయ్యదు. ఖాళీ గొట్టాల్లోకి ముందు నైట్రోజన్ గట్టిగా ఎక్కిస్తుంది. గిన్నెలో సబ్బు నురగ గిలక్కొట్టి, గడ్డం గీసుకునే బ్రష్‌తో ఒక్కొక్క అతుకుకీ పూస్తుంది. బుడగ లేచిన చోట దొంగ ఉన్నట్టు. బుడగ లేవకపోతే గేజి వైపు చూస్తూ కూర్చుంటుంది. ఆమె చూసే తీరు చూసి నాకు భయం వేసేది. పిల్లి కూడా అంత రెప్పవేయకుండా చూడదు.

ఆ పరీక్ష అయ్యాక వచ్చేది మామగారి వంతు. ఆ షెడ్డుకి అదొక శాసనం. ఎవరు ఏ అతుకు బిగించినా చివరి చెయ్యి ఆయనదే. గోడకి ప్రత్యేకంగా ఒక మేకు ఉంది, దాని మీద మూరెడు పొడుగు స్పానర్ ఒకటి. దాన్ని తీసుకుని, ఆమె బిగించిన ప్రతి నట్టునీ ఇంకో పావుచుట్టు తిప్పి, "హుఁ" అని ఒక మూలుగు మూలిగి, స్పానర్‌ని మళ్ళీ మేకుకి తగిలించేవాడు. రాగి గొట్టాల కాలం నుంచి ఆయనకి అదే ఖ్యాతి. ఆయన పావు తిప్పితే ఇక చచ్చినా కారదని టాక్సీవాళ్ళు చెప్పుకునేవారు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఊరంతా ఆయన్ని పావుచుట్టు అనే పిలిచేది. ఆ తరువాత ఆమె పంపు పెట్టి గొట్టాల్లోని గాలంతా లాగేసి గ్యాస్ నింపేది. శూన్యమనేది ఉంటుందా ఉండదా అని వెనకటి తత్వవేత్తలు తరాల తరబడి జుట్లు పట్టుకున్నారు. ఆమె దగ్గర అది అరగంట పని.

ఇలా ఉండగా ఒక తెల్ల టాక్సీ మూడోసారి తిరిగి వచ్చింది.

దాని డ్రైవరు భారీ మనిషి, ఎప్పుడూ భుజాన తువ్వాలుతో ఉంటాడు కనుక స్టాండులో అందరూ తువ్వాలాయన అంటారు. మొదటిసారి వచ్చినప్పుడు ముందువైపు జాలీకి, అదే కండెన్సర్‌కి, రాయి తగిలి చిల్లు పడింది. ఆమె చూపించింది, కొత్తది వేసింది. పన్నెండు రోజులకి మళ్ళీ వేడిగాలి. రెండోసారి కంప్రెసర్ ముందు నూనె జిడ్డు కనిపించింది. దాని సీలు మార్చింది. తొమ్మిది రోజులు. ఇప్పుడు మూడోసారి. తువ్వాలాయన ఒక్కడే రాలేదు. స్టాండు పెద్దని వెంటబెట్టుకుని వచ్చాడు. స్టాండు పెద్ద పళ్ళ మధ్య పుల్ల కదుపుతూ మాట్లాడే మనిషి. ఇరవై రెండు టాక్సీలు అతని మాట మీద నడుస్తాయి. ఆ ఇరవై రెండూ ఈ షెడ్డుకే వస్తాయి.

"ఏంటమ్మా ఇది, షెడ్డా, అత్తారిల్లా? వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి కొత్తది పెట్టి పంపుతున్నావు" అన్నాడు స్టాండు పెద్ద.

"నిన్న ఒక ప్యాసింజరు మధ్యలో దిగిపోయాడు" అన్నాడు తువ్వాలాయన. "ఇది టాక్సీయా, ఆవిరి పెట్టెనా అని అడిగాడు. నాకు సమాధానం తట్టలేదు."

"నీకెప్పుడు తట్టింది గనక" అని స్టాండు పెద్ద అతన్ని కసిరి, పుల్ల తీసి రోడ్డు అవతలకి చూపించాడు. "అక్కడ వాడు రోజూ పిలుస్తున్నాడు. ఏదో పాత పరిచయమని ఇక్కడికి తోలుకొస్తున్నాం. ఇది మళ్ళీ వచ్చిందంటే ఇరవై రెండూ అటే."

మామ ఈ మాట కోసమే కాచుకున్నట్టు లేచాడు. ముఖంలో విచారం లేదు. వెలుగుంది.

"నేనెప్పుడో చెప్పాను" అన్నాడు నాతో. "గరిటె పట్టాల్సిన చేతికి గేజి ఇస్తే ఇంతే. ఆమెకి చెప్పండి. ఇదే చివరి బండి. నెల రోజుల్లో ఈ బండి తిరిగొస్తే, ఆమె మళ్ళీ ఈ గడప తొక్కడానికి వీల్లేదు. క్యారియర్ కూడా తేనక్కర్లేదు. ఆకలితో చస్తాను గాని."

ఆమె నడుస్తున్న పంపు కట్టేసింది.

"సరేనన్నానని చెప్పండి" అంది ఆమె, చేతులు తుడుచుకుంటూ. ఆ గుడ్డ చేతుల కంటే మురికిగా ఉంది. "మరి తిరిగి రాకపోతే ఏంటో కూడా కనుక్కోండి."

"రాకపోతే నేనే తొక్కను!" అని అరిచాడు ఆయన. "నలుగురిలో చెబుతున్నా. నేనే తొక్కను!"

నోటి నుంచి వచ్చేసింది. స్టాండు పెద్ద దాన్ని వెనక్కి పోనిచ్చే మనిషి కాదు. "విన్నాం, విన్నాం. ఈ పెద్దమనిషి సాక్షి" అని నా భుజం మీద చరిచాడు. జీవితంలో నేను చాలా చోట్ల తప్పించుకు తిరిగిన ఉద్యోగమది.

ఆమె బానెట్ ఎత్తింది గాని స్పానర్ ముట్టుకోలేదు. చాలాసేపు ఊరికే నిలబడింది. తువ్వాలాయన గుడ్లు మిటకరించి నా వైపు చూశాడు. ఆమె చేసినవన్నీ తనలో తాను చెప్పుకుంటోంది. నాకు వినపడింది. జాలీ మార్చాను. నురగ పూశాను, బుడగ లేదు. సూది కదల్లేదు. సీలు మార్చాను. మళ్ళీ నురగ, మళ్ళీ బుడగ లేదు. ఆ తరువాత...

ఆ తరువాత అన్న దగ్గర ఆగిపోయింది. మెల్లగా తలెత్తి గోడ మీది మేకు వైపు చూసింది. పరీక్షకీ గ్యాస్‌కీ మధ్య ఈ షెడ్డులో జరిగే పని ఒక్కటే ఉంది.

"ఒక దుప్పటి కావాలి" అంది నాతో. "నల్లటిదైతే మరీ మంచిది."

తువ్వాలాయన డిక్కీలోంచి ఒక నల్ల దుప్పటి తీసిచ్చాడు. అది ఏ నీళ్ళూ ఎరగని దుప్పటి. ఆమె సొరుగులోంచి చిన్న టార్చి తీసింది. దుకాణాల్లో నోట్లు దొంగవా అసలువా అని చూసే నీలి లైటది. అప్పుడు చెప్పింది, రెండోసారి గ్యాస్ నింపేటప్పుడు ఎవరికీ చెప్పకుండా ఒక చెంచాడు రంగు మందు కూడా లోపలికి ఎక్కించానని. గ్యాస్ ఎక్కడ కారితే నూనెతో పాటు ఆ రంగూ అక్కడ బయటికొస్తుంది. మామూలు వెలుతురులో కనిపించదు, నీలి వెలుతురులో మెరుస్తుంది.

"రంగునీళ్ళా!" అన్నాడు మామ. "నా షెడ్డులో, నాకు తెలీకుండా, రంగునీళ్ళా! ఇది మెకానిక్ షెడ్డా, గారడీ కొట్టా అని అడగండి."

"గారడీ అయితే టికెట్ పెట్టేదాన్నని చెప్పండి" అంటూ ఆమె దుప్పటి కప్పుకుని ఇంజన్ మీదికి వంగింది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక నల్లటి మూట కారు నోట్లోకి దూరినట్టుంది. దుప్పటి కొస నన్ను పట్టుకోమంది. లోపల టార్చి అటూ ఇటూ తిరిగింది. కంప్రెసర్ దగ్గర ఆగింది, ముందుకు జరిగింది. కొత్త జాలీలోకి వెళ్ళే గొట్టం దగ్గర ఆగి, ఇక కదల్లేదు.

"పెద్దాయన్ని వచ్చి చూడమనండి."

"దుప్పట్లో దూరే వయసు కాదు నాదని చెప్పండి."

స్టాండు పెద్ద ముందు దూరాడు. బయటికి వచ్చేసరికి నోట్లో పుల్ల లేదు. తరువాత తువ్వాలాయన, తరువాత నేను. నట్టు వెనక, గొట్టం మెడ అడుగున, పై నుంచి చూస్తే కనపడని చోట, పచ్చటి గీత ఒకటి వెలుగుతోంది. వెంట్రుక వాసి పగులు. దాని కింద పచ్చటి మరక, మిణుగురు నలిగినట్టు. ఇంజన్ వేడెక్కి కుదుపులు తగిలితే తెరుచుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. అందుకే పంపు పెట్టి గాలి లాగిన అరగంటలో అది బయటపడలేదు. ఇక నురగ పరీక్షకి దొరకడమెలా? మొదటిసారి నురగ పూసినప్పటికి ఆ పగులు పుట్టనేలేదు. రెండోసారి పూసింది చల్లారిన ఇంజన్ మీద, పైవైపు నుంచి.

అందరూ చూశాక ఇక చూడకపోతే బాగుండదని మామ కూడా దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక చెప్పిన మాట ఇది: "గొట్టం నాసిది. తయారీలోనే పగిలింది."

ఆమె దుప్పటి లాగేసింది. ఆ అల్యూమినియం గొట్టం పొడవునా తిన్నగా ఒక తెల్ల గీత అచ్చువేసి ఉంటుంది. వేలితో దాన్ని చూపిస్తూ వచ్చింది. మెడ దగ్గరికి వచ్చేసరికి ఆ గీత పక్కకి తిరిగి, తాడు పేనినట్టు మెలిపడి ఉంది.

"తయారీలో గీత కూడా మెలిపెట్టారేమో అడగండి" అంది. "అడగండి, దీన్ని ఎవరు తిప్పారో. మూరెడు స్పానర్‌తో తిప్పారా, జానెడు స్పానర్‌తో తిప్పారా అడగండి. ఇది రాగి కాదని, మెత్తటి అల్యూమినియం అని, లోపల రబ్బరు రింగు ఉందని, అది తాకితే చాలు, నలపక్కర్లేదని ఆరేళ్ళుగా ఎన్ని బండ్లకి చెప్పానో కూడా చెప్పండి. బండ్లతో నేనన్నది ఆయన వినిపించుకోలేదేమో!"

స్టాండు పెద్ద పగలబడి నవ్వాడు. "ఏం పావుచుట్టూ! నీ పావే మా కొంప ముంచిందా?"

నవ్వడం తప్పు. నేనిప్పటికీ అంటాను, ఆ నవ్వు లేకపోతే ముసలాయన ఏదో గొణుక్కుని ఊరుకునేవాడేమో. రాగి కాలంలో ఆ పావుచుట్టే న్యాయం. లోహం మారిపోయింది, చెయ్యి మారలేదు. ఒక కాలానికి గొప్పగా పనికొచ్చిన అలవాటు ఇంకో కాలానికి ఎలా హాని చేస్తుందో రాజ్యాల చరిత్రల్లో చదివాను. ఒక నట్టు మీద చూడటం అదే మొదలు. అయితే అవమానపడ్డవాడికి చరిత్ర అక్కరకు రాదు. ఆయన ముఖం కందగడ్డలా అయింది.

కొత్త గొట్టం వచ్చేసరికి మూడైంది. ఆమె రబ్బరు రింగుకి నూనె రాసి, వేళ్ళతో నట్టు తిప్పి, జానెడు స్పానర్‌తో ఒక్కసారి బిగించి వదిలేసింది. ఎవరూ అనుకోలేదు గాని, ఆయన వచ్చాడు. మేకు మీది స్పానర్ చేతిలో ఉంది.

ఆమె నట్టు మీద అరచెయ్యి పెట్టింది.

"వద్దు మావయ్యా."

ఆరేళ్ళలో నేరుగా అన్న మొదటి మాట అది.

"చెయ్యి తియ్యి."

"తియ్యను."

"ఇది నా షెడ్డు."

"షెడ్డు మీదే. కాదన్నదెవరు? ఈ నట్టుకి మాట ఇచ్చింది నేను."

"తియ్యకపోతే చేతి మీదే తిప్పుతా."

"తిప్పండి. అల్యూమినియం కంటే గట్టిది లెండి."

ఆయన నిజంగానే స్పానర్ మూతి ఆమె వేళ్ళ కణుపుల మీద ఆనించాడు. ఆనించి ఒత్తాడు. చూపుడు వేలి కణుపు దగ్గర చర్మం తెల్లబడి, చిట్లి, ఎర్రగా ఒక చుక్క గొట్టం మీద పడింది. తువ్వాలాయన "అయ్యయ్యో" అన్నాడు గాని కదల్లేదు. నేనూ కదల్లేదు, ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది. ఆమె రెప్ప వేయలేదు. గేజిని చూసినట్టే ఆయన్ని చూసింది.

ఎంతసేపో చెప్పలేను. స్పానర్ గచ్చు మీద పడి మోగింది. ఆయన చెప్పులు వేసుకోవడం కూడా మరిచి బయటికి నడిచాడు. కాలే రోడ్డు మీద ఉత్త పాదాలతో ఎగురుతూ అవతలికి దాటాడు. అద్దాల షెడ్డులోకే. ఆమె వేలికి ఇన్సులేషన్ టేపు చుట్టుకుంది. నురగ కలిపింది. ఆ రోజు పరీక్ష అయ్యాక ఆ నట్టుని ఇంకెవరూ తిప్పలేదు.

మర్నాడే ఎదుటి షెడ్డు ముందు కొత్త బోర్డు వెలసింది: పావుచుట్టు ఇక మా దగ్గర.

ఆ నెలలో వాళ్ళింట్లో ఏం జరిగిందో ఆమె చెప్పిన ముక్కలే నాకు తెలుసు. ఆయన ఆమె వండింది తింటాడు. ఉప్పెక్కువైందని గిన్నెతో చెబుతాడు. "ముసలాయన్ని వీధిన పెట్టావు కదే" అని అత్త రోజుకి రెండుసార్లు అంటుంది. భర్త ఎవరి వైపు మాట్లాడాలో తేల్చుకోలేక స్నానాల గదిలో ఎక్కువసేపు ఉంటున్నాడు. ఆమె రాత్రిళ్ళు ఆ తెల్ల టాక్సీ గురించి తప్ప దేని గురించీ ఆలోచించలేదట. పగలు దూరంగా తెల్ల కారు ఏది మలుపు తిరిగినా చేతిలో పని ఆగిపోయేది. ఆయన కూడా అవతల తలుపు దగ్గర నిలబడి అదే మలుపు వైపు చూసేవాడు. ఇద్దరూ ఒకే కారు కోసం, ఒకరు రావాలని, ఒకరు రాకూడదని.

పన్నెండో రోజు రాలేదు. ఇరవయ్యో రోజు రాలేదు. ముప్పయ్యో రోజు వచ్చింది.

ఆమె ముఖంలో రక్తం ఇంకిపోవడం చూశాను. అవతల ఆయన రోడ్డు దాకా వచ్చేశాడు. తువ్వాలాయన దిగి, చేతులు కట్టుకుని అంతా చూసుకుని, తాపీగా అన్నాడు: "భయపడకండి. చలి ఎక్కువైంది. ప్యాసింజర్లు తగ్గించమంటే ఆ మీట ఎటు తిప్పాలో నాకు తెలీక వచ్చాను."

ఆమె అతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఒకటి రెండు నాకు కొత్తవి కూడా. స్టాండు ఎటూ పోలేదు. ఇరవై రెండూ ఇక్కడే.

అయితే మరో వారానికి ఎదుటి షెడ్డు నుంచి బండ్లు రావడం మొదలైంది. ఒకటి, మర్నాడు రెండు. అన్నిటిదీ ఒకే జబ్బు. నట్టు వెనక మెడ పగిలి, తెల్ల గీత మెలి తిరిగి. ఎవరు బిగించారో ఆమె బండివాళ్ళని అడగలేదు. అడగాల్సిన పని లేదు. గొట్టాలు మార్చి పంపింది.

అయిదో బండి తరువాత అద్దాల షెడ్డువాడు స్వయంగా రోడ్డు దాటి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. నన్ను చూసి కొంచెం జంకి, అయినా మొదలుపెట్టాడు.

"చూడమ్మా, నీకూ నాకూ పడదు. అయినా ఒక్క మాట చెప్పు. మీ మామ చేతిలో లోపం ఉందా? ఉందంటే ఈ సాయంత్రమే పొమ్మంటాను."

ఒక్క మాట. నేను ఆమె ముఖం వైపే చూస్తున్నాను. వేలి మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

"నువ్వు పరీక్ష ఎప్పుడు చేస్తావు?" అని అడిగింది.

"పరీక్షా?"

"అదే, చెయ్యవు. నాకు తెలుసు. ఇక నుంచి చెయ్యి. ఆయన బిగించాక చెయ్యి, ముందు కాదు. కింద వైపు కూడా నురగ పుయ్యి. నీ షెడ్డులో పొడుగు స్పానర్లన్నీ తీసి దాచెయ్యి. జానెడు దాటింది ఆయన చేతికివ్వకు. అడిగితే పోయిందని చెప్పు. బూతులు తిడతాడు, పడు. కారడం ఎక్కడుందో చేత్తో తడిమి చెప్పగలడు, అంత మనిషి ఈ ఊళ్ళో ఇంకోడు లేడు. వెతకడానికి పెట్టుకో, బిగించడానికి పెట్టుకోకు."

అతను నోరు తెరిచాడు. "ఇంత సాయం నాకెందుకు చేస్తున్నావు?"

"నీకు సాయమా? నీ షెడ్డు కాలిపోతే చలి కాచుకుంటా." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు పొమ్మంటే ఆయన ఎక్కడికొస్తాడనుకున్నావు? నలుగురిలో అన్న మాటే గాని, ఇంట్లో రెండు రోజులు ఖాళీగా కూర్చుంటే ఆ మాట మరిచిపోతాడు. మూడో రోజు పొద్దున్నే ఆ మేకు దగ్గర ఉంటాడు. ఆయన నీ దగ్గర ఉంటేనే నాకిక్కడ ఊపిరాడేది. నువ్వు ఆయన్ని తీసేశావో, నీ దగ్గర పరీక్ష లేదని స్టాండు స్టాండుకీ నేనే వెళ్ళి చెబుతా."

అతను పెన్నులు తడుముకుంటూ వెళ్ళిపోయాడు. అద్దాల వెనక అతను గోడ మీది స్పానర్లు ఒక్కొక్కటే తీసి బల్ల కింద పెట్టడం మాకు కనిపించింది. కాసేపటికి లోపల అరుపులు. తలుపు తెరుచుకుంది. పావుచుట్టు రోడ్డు అంచుకి వచ్చి నిలబడ్డాడు.

"ఏయ్! నా స్పానర్లు దాచమన్నది నువ్వేగా?"

"నేనే మావయ్యా!"

"ఇంటికి రా, నీ సంగతి చెప్తా!"

"వస్తా. వంట చెయ్యాలిగా! మీరు మాత్రం కింద వైపు తడిమి చూడకుండా బండి వదలకండి!"

ఆయన దొరికిన రాయి ఒకటి తీసి విసిరాడు. అది రోడ్డు మధ్యలో పడింది. అటుగా వస్తున్న టాక్సీ దాన్ని తప్పించుకుని ఈ షెడ్డు ముందు ఆగింది. ఆమె రాయి వైపు చూడకుండానే బానెట్ ఎత్తమంది.